బిష్టుపూరు కార్మిక సంఘము - వర్ణభేద సమస్య

హౌరానుండి నాగపురము వైపు పోవు రైలుమార్గమున టాటానగరు స్టేషనులో దిగి, సువర్ణరేఖా ఖర్కాయి నదుల నడుమ వెలసిన జంషెడ్‌పూరు పట్టణమున ప్రవేశించు తెలుగువానికి బిష్టుపూరు పరాయి ప్రదేశముగా తోచదు. అక్కడి బజారులో తెలుగు మాట వినబడును. ఆంధ్రభక్తులు నిర్మించుకొనిన శ్రీరామమందిరము ఆ పేటలోనే కలదు. అదే పేటలో, కె రోడ్డున, టాటా వర్కర్సు యూనియను కార్యాలయము కలదు. జీతము, బోనసు, ఇల్లు, సెలవు మొదలగు విషయములపై పని ఉన్నవారు దాని మెట్లెక్కుదురు. కాని ఆ సంఘము చరిత్రలో జీతపు లెక్కలకు మించిన విషయ మొకటి కలదు. మనుష్యుని ఒంటిరంగును బట్టి గాని, పుట్టిన కులమును బట్టి గాని, పలుకు భాషను బట్టి గాని వాని పనికి వెల కట్టరాదను పాఠమే అది. ఆ పాఠమును కార్మికులు ఎవరివలన నేర్చిరి, ఎంతవరకు నేర్చిరి, ఎక్కడ మఱచిరి అను విషయములు మన ఆంధ్రులకును తెలియదగినవి.

తెలుగున ‘వర్ణము’ అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి రంగు. రెండవది చాతుర్వర్ణ్యమునందలి వర్ణము, అనగా పుట్టుకచే వచ్చిన అంతరువు. తెల్లవాడు నల్లవానిని తక్కువగా చూచుటను మనము వర్ణవివక్ష యందుము. మనలో మనము పాటించు హెచ్చుతగ్గులకు కులమని వేఱు పేరు పెట్టుకొంటిమి. బిష్టుపూరు కార్మిక సంఘమునకు ఈ రెండర్థములును ఎదురయ్యెను. మొదటి అర్థముతో పోరాడుట దానికి సులభముగా వచ్చెను. రెండవదానితో పోరాడుట అంత సులభము కాలేదు. ఎదుటివాని దోషము కంటికి కనబడినంత స్పష్టముగా తన దోషము కనబడదు గదా!

టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడెను. 1908లో సాక్చి గ్రామమున నిర్మాణము ప్రారంభమయ్యెను. 1911 డిసెంబరులో మొదటి ఇనుమును, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కును తీసిరి. మొదటి ప్రపంచయుద్ధములో మెసొపొటేమియా రంగమునకు ఇచ్చట తయారైన పట్టాలు పోయినవి. 1919 జనవరిలో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేర జంషెడ్‌పూరని నామకరణము చేసెను. నాటివరకు కాలిమాటి అనబడిన స్టేషనునకు టాటానగరు అను పేరు వచ్చెను. ఈ ఊరి నేలపై మొదటినుండి నివసించుచుండినవారు హో, సంథాలు, భూమిజ, ముండా మొదలగు ఆదివాసులు. పని కొఱకు వచ్చినవారు బీహారు, వంగ, ఉత్కళ, పంజాబు దేశములవారు, ఛత్తీస్‌గఢువారు, మనవారు. గంజాము విశాఖపట్టణ మండలములనుండి ఖరగ్‌పూరు మీదుగా రైలుదారి ఉండుటచే ఉత్తరాంధ్రులు తొలినాళ్లనుండియు ఇచ్చటికి చేరుచుండిరి.

ఈ జనసమూహమునకు పైన వేఱొక వర్గము కలదు. ఉక్కు తయారుచేయు విద్య అప్పటికి మనదేశమున లేదు. అందుచే కంపెనీవారు అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశములనుండి నిపుణులను రప్పించిరి. వారితో ప్రత్యేకమైన ఒడంబడికలు వ్రాసికొనుటచే వారిని ‘కవనెంటెడు’ ఉద్యోగులని పిలిచిరి. వారి జీతములు హెచ్చు. రాకపోకల ఖర్చులు కంపెనీవి. వారి బంగళాలు బిష్టుపూరునకు చేరువనున్న నార్తరన్ టౌనులో విశాలమైన తోటల నడుమ ఉండెను. గుమాస్తాలకు క్వార్టర్లు వేఱు, కూలీల వరుసలు వేఱు. ఎన్నో కుటుంబములు కంపెనీ ఇండ్లకు నోచుకొనక చుట్టుపట్ల బస్తీలలో మట్టిగోడల నడుమ కాపురముండెను.

విదేశీయుడు విద్య తెచ్చినంతకాలము ఆ హెచ్చుజీతమునకు ఒక కారణము చెప్పవచ్చును. చిక్కు తరువాత వచ్చెను. కొన్నేండ్లు కొలిమికడ నిలిచి పని నేర్చిన భారతీయుడు అదే పని చేయుచున్నను, అదే ఉద్యోగమునకు అదే జీతము పొందలేకపోయెను. నేర్పునకు ఇచ్చు జీతము రంగునకు ఇచ్చు జీతముగా మారినట్లు కార్మికులకు తోచెను. వర్ణభేదము ఇక్కడ తిట్టురూపమున కంటె జీతపు పట్టీ రూపమున, ఇంటి కేటాయింపు రూపమున, పదోన్నతి నిరాకరణ రూపమున ఎక్కువగా నిలిచియుండెను.

కంపెనీ ఔదార్యమును మఱచుట న్యాయము కాదు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినమును, 1915లో ఉచిత వైద్యమును, 1920లో ప్రావిడెంటు ఫండును, వేతనముతో కూడిన సెలవును ఇచ్చట ప్రవేశపెట్టిరి. ప్రావిడెంటు ఫండు చట్టము దేశమునకు వచ్చినది 1952లో గదా! అయినను ఔదార్యము వేఱు, సమానత్వము వేఱు. ఔదార్యమున ఇచ్చువాడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను ఉందురు. ఇద్దఱును ఒక బల్లకు ఇరువైపుల కూర్చుండి మాటలాడుకొనవలెనన్నచో సంఘము కావలెను.

అట్టి సంఘము 1920లో పుట్టెను. యుద్ధానంతరము ధరలు మండిపోవుచుండెను. జీతములు కదలలేదు. ఆ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన కార్మికులు పని మానిరి. కలకత్తానుండి బారిస్టరు సురేంద్రనాథ హాల్దారు వచ్చి వారికి నాయకుడయ్యెను. మార్చిలో జంషెడ్‌పూరు లేబరు అసోసియేషను ఏర్పడెను. ఆ నెలలోనే పోలీసులు తుపాకులు కాల్చగా కొందఱు కార్మికులు మరణించిరి. నేటి టాటా వర్కర్సు యూనియనునకు మూలము ఆ అసోసియేషనే. అఖిలభారత ట్రేడుయూనియను కాంగ్రెసు స్థాపింపబడినదియు ఆ సంవత్సరము చివరనే.

1922లో జంషెడ్‌పూరున రెండవ సమ్మె జరిగెను. అదే సంవత్సరము మొదట దక్షిణాఫ్రికాలో బంగారుగనుల ప్రాంతమగు రాండులో గొప్ప సమ్మె జరిగినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. రాండులో సమ్మె చేసినవారు తెల్లకార్మికులు. నల్లవారిని తక్కువ జీతముపై నిపుణుల పనులలో పెట్టుటకు గనుల యజమానులు పూనుకొనగా, ఆ పనులు తెల్లవారికే చెందవలెనని వారు ఆయుధములు కూడ పట్టిరి. ఆ తిరుగుబాటును ప్రభుత్వము అణచెను. కాని 1926 చట్టము మూలమున నిపుణుల పనులలో వర్ణనిషేధము మఱింత బలపడెను. ఆ విధముగా కార్మికుల సంఘమే వర్ణవివక్షకు కంచుకోట కాగలదని లోకమునకు తెలిసెను. సంఘమున్నంత మాత్రమున సమభావము పుట్టదు. దానిని సభ్యులకు ప్రత్యేకముగా నేర్పవలసియుండును.

జంషెడ్‌పూరు కార్మికుల అదృష్టమేమనగా, ఆ విషయమును స్వానుభవమున ఎఱిగిన మహనీయుడొకడు వారికి తొలిదశలోనే లభించెను. అతడు దీనబంధు చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూసు. ఆంగ్లేయుడు. 1871లో ఇంగ్లండున జన్మించి, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్సు కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. 1914 జనవరిలో దక్షిణాఫ్రికాకు పోయి డర్బను రేవున దిగినపుడు, గాంధీగారెవరని అడిగి తెలిసికొని, వంగి ఆయన పాదములను స్పృశించెను. ఒక తెల్లవాడు భారతీయుని పాదములంటుట అచ్చటి తెల్లవారికి ఘోరమైన అవమానముగా తోచెను. ఆండ్రూసు లక్ష్యపెట్టలేదు.

ఆ ఆండ్రూసు తెలుగువారికి వేఱొక విధమున కూడ ఆప్తుడు. ఒప్పందపు కూలీలుగా సముద్రములు దాటిన మనవారి సంగతి పెద్దలు ఎఱిగినదే. 1860లో మద్రాసు రేవునుండి నేటాలునకు మొదటి ఓడ పోయెను. 1903నుండి మద్రాసు మీదుగా ఫిజీ ద్వీపములకు కూలీలను పంపిరి. ఆ రెండు చోట్లను తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడినవి. 1915లో ఆండ్రూసు, పియర్సనుతో కలిసి ఫిజీకి పోయి, కూలీల వరుసలలో స్త్రీపురుషులు పడు పాట్లను కన్నులార చూచి, మరుసటి సంవత్సరము నివేదిక ప్రకటించెను. దేశమంతట ఆందోళనము లేచెను. 1917లో కూలీలను చేర్చుకొనుట నిలిచెను. 1920 జనవరి 1వ తేదీతో ఫిజీలో మిగిలిన ఒప్పందములు రద్దయ్యెను. చెఱకుతోటలో ఒక తెలుగువాని చేత ‘కూలీ’ అను తిట్టు పడనిచ్చిన వ్యవస్థను కూల్చినవారిలో ఒకడైన ఈ మనుష్యుడే తరువాత కొలిమి పట్టణమున కార్మికుల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1928 వరకును జంషెడ్‌పూరు అసోసియేషను ఆయన పెద్దఱికమున నడచెను.

1922 సమ్మె తరువాత కంపెనీకిని సంఘమునకును నడుమ మాటలు లేకుండెను. సంఘ కార్యదర్శి సేథీని పనినుండి తొలగించిరి. 1924లో ఉక్కు పరిశ్రమకు రక్షణ కల్పించు చట్టము కేంద్ర శాసనసభకు వచ్చినపుడు, ప్రజల ధనముతో రక్షింపబడు పరిశ్రమ ప్రజల బిడ్డలకు ఎంతవరకు స్థానమిచ్చుచున్నదను ప్రశ్న లేచెను. మోతీలాలు నెహ్రూ, చిత్తరంజన్ దాసు వంటి నాయకులు కార్మికుల పక్షమున కల్పించుకొనిరి. ఆండ్రూసు కోరికపై 1925 ఆగస్టు 8వ తేదీన గాంధీ మహాత్ముడు జంషెడ్‌పూరునకు విచ్చేసెను. సంఘమును కంపెనీ గుర్తించుటకును, చందాలను జీతమునుండి వసూలు చేయుటకును, సేథీని తిరిగి తీసికొనుటకును ఒప్పుదల కుదిరెను.

ఆనాటి సభలో గాంధీజీ చేసిన ఒక ప్రస్తావన గమనింపదగినది. దక్షిణాఫ్రికాలో భారతీయుల ఆత్మగౌరవము కొఱకు తాము పోరాడుచుండగా మొట్టమొదట సహాయము పంపినవాడు సర్ రతన్ టాటా అనియు, ఆయన పంపిన మొత్తము 25,000 రూపాయలనియు ఆయన కృతజ్ఞతతో చెప్పెను. వినుచున్న యజమానులకును కార్మికులకును అందు చెఱియొక అర్థము స్ఫురింపక మానదు. ట్రాన్స్‌వాలులో వర్ణభేదము అన్యాయమని ధనమిచ్చిన వంశమువారి కర్మాగారములో అది న్యాయము కాజాలదు. ట్రాన్స్‌వాలు భారతీయుల గౌరవము తమదని తలచు కార్మికుడు, ప్రక్కనున్నవాని గౌరవమును కూడ తనదిగా తలచుకొనవలెను.

ఆండ్రూసు అధ్యక్షత మూలమున కార్మికులు నేర్చిన మొదటి పాఠము, తెల్లవారందఱును శత్రువులు కారనునది. రంగును ద్వేషించుట వర్ణవివక్షకు విరుగుడు కాదు, అదే వ్యాధి యొక్క మఱొక రూపము. బంగళాలోని తెల్లవానిపై ఫిర్యాదు వ్రాయించుకొనువాడు తమ సంఘపు తెల్ల అధ్యక్షునకు నమస్కరించుచుండెను. ఏ ఉపన్యాసమును నేర్పలేని దానిని ఆ దృశ్యము నేర్పియుండును. కాని ఆయన పద్ధతికి ఒక కొఱత కలదు. ఆయన ఎక్కువకాలము ఊరిలో నుండువాడు కాడు. సంఘము గుమాస్తాలకును నిపుణులకును దగ్గఱగాను, రోజుకూలీలకు దూరముగాను ఉండెనను ఆక్షేపణ పెరిగెను.

ఆ ఆక్షేపణ 1928లో పెనుగాలియై వీచెను. మానెక్ హోమీ అను పారసీక న్యాయవాది వెంట వేలకొలది సామాన్య కార్మికులు నడచిరి. జూన్‌నుండి లాకౌటు సాగెను. ఆగస్టులో సుభాష్‌చంద్ర బోసు వచ్చి అసోసియేషను అధ్యక్ష పదవిని స్వీకరించెను. సెప్టెంబరు 12వ తేదీన రాజీ కుదిరెను. హోమీ పక్షము దాని నంగీకరింపక వేఱుగా లేబరు ఫెడరేషనును స్థాపించెను. కార్మికులు రెండుగా చీలిరి. అయినను బోసు చేపట్టిన ఒక సమస్య నేటి ప్రస్తావనకు ముఖ్యమైనది. ఉన్నతపదవులలో భారతీయులు లేకుండుట కంపెనీకి పెద్ద లోపమని ఆయన యాజమాన్యము ఎదుట గట్టిగా వాదించెను. దానినే ఆ రోజులలో భారతీయీకరణ మనిరి. 1921లో నెలకొల్పిన సాంకేతిక విద్యాలయమున చదివిన యువకులు క్రమముగా కొలిమిలకు, మిల్లులకు అధికారులైరి. అమెరికనుడగు కీనను తరువాత 1938లో జహంగీరు గాంధీ జనరలు మేనేజరయ్యెను. ఆ పదవిలో కూర్చుండిన మొదటి భారతీయుడతడు. మొదటి ఉక్కు తీసిన 26 ఏండ్లకు జరిగిన విషయమిది.

జంషెడ్‌పూరునకు 134 కిలోమీటర్ల దూరముననున్న ఖరగ్‌పూరులో ఇదే పోరాటము వేఱొక రూపమున సాగినది. అందులో నాయకత్వము తెలుగువానిది. వరాహగిరి వేంకటగిరి 1894లో బరంపురమున జన్మించి, డబ్లినులో న్యాయశాస్త్రము చదువుచు ఐర్లండు స్వాతంత్ర్యోద్యమమును దగ్గఱనుండి చూచినవాడు. తిరిగివచ్చి బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపఱచెను. ఆ రైల్వేలో యూరోపియనునకు ఒక జీతపు శ్రేణి, ఆంగ్లోఇండియనునకు మఱొకటి, భారతీయునకు వేఱొకటి. క్వార్టర్లును వేఱు. ఖరగ్‌పూరు వర్కుషాపులో పనిచేయువారిలో తెలుగువారు విశేషముగా నుండిరి. 1927లో అచ్చట గొప్ప సమ్మె, దాని వెనుక లాకౌటు నడిచెను. ఆ సంవత్సరమే గిరి జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా పోయెను. 1926లోను 1942లోను ట్రేడుయూనియను కాంగ్రెసుకు అధ్యక్షత వహించెను. అట్టివాడు 1952లో కేంద్ర కార్మికశాఖ మంత్రియు, 1969లో రాష్ట్రపతియు కాగలిగెను. వర్ణభేదముపై కార్మికులు సాధించిన విజయములలో దీనిని కూడ లెక్కింపవచ్చును.

ఇంతవరకు చెప్పినది వర్ణమను మాట మొదటి అర్థమును గూర్చి. ఇక రెండవ అర్థమునకు వత్తము.

తెల్లవారు క్రమముగా వెడలిపోయిరి. వారి కుర్చీలలో మనవారు కూర్చుండిరి. కుర్చీల ఎత్తు మారలేదు. కర్మాగారపు మెట్లలో అట్టడుగున ఎవరుండిరో చూచినచో సంగతి తెలియును. మట్టి మోయువారు, ముడిఖనిజము ఎత్తువారు, బొగ్గు దింపువారు చాలవఱకు ఆ నేలపై పుట్టిన ఆదివాసులే. ‘రేజా’లని పిలువబడిన స్త్రీకూలీలు తట్టలు మోసిరి. యంత్రములు పెరిగినకొలది వారి పనులు తరిగిపోయెను. ఊడ్చుపనులు కులమును బట్టియే సంక్రమించెను. కొలిమికడ ఒకే వేడికి ఒకే చెమట కార్చినవారు సెలవు కూత కూయగానే వేఱువేఱు కుళాయిలకు, వేఱువేఱు బస్తీలకు మరలుట ఆ కాలమున అసాధారణము కాదు. పైఅధికారి తనను ‘నేటివ్’ అనినపుడు నొచ్చుకొనినవాడు తన క్రింది ఆదివాసిని ‘జంగ్లీ’ అనుటకు నొచ్చుకొనలేదు.

భాషాభేదము మఱొకటి. 1930 తరువాత బీహారు ఉద్యోగములు ఎవరివను వివాదము బీహారీలకును వంగీయులకును నడుమ రగులుకొనగా, దానిపై పరిశీలించి నివేదిక ఇచ్చు భారమును కాంగ్రెసు బాబూ రాజేంద్రప్రసాదుపై పెట్టవలసివచ్చెను. ఇంక దాక్షిణాత్యుని మాట చెప్పనేల? తెలుగువాడైనను అఱవవాడైనను మలయాళియైనను ఉత్తరదేశమున ‘మద్రాసీ’యే. ఆ పిలుపు చెవిని పడినపుడు తెలుగువాని ముఖము చిన్నబోవుట సహజము. ఐనను శ్రీకాకుళపు పల్లెనుండి బయలుదేరినపుడు అతడు మూట కట్టుకొనివచ్చిన వస్తువులలో మాలపల్లెకును ఊరికిని నడుమనున్న దూరము కూడ ఉండెనని ఒప్పుకొనక తప్పదు.

ఈ విభేదములన్నింటిని ఒక సంఘమున ఇముడ్చుటకు ప్రయత్నించినవాడు అధ్యాపకుడు అబ్దుల్ బారీ. బోసు తరువాత అధ్యక్షుడై, 1937లో అసోసియేషనును టాటా వర్కర్సు యూనియనుగా పునర్నిర్మించెను. ఆ సంవత్సరమే ఆయన బీహారు శాసనసభకు ఉపసభాపతి కూడ అయ్యెను. ఆండ్రూసు వలె వచ్చిపోవువాడు కాక, సామాన్య కార్మికుని బస్తీలో తిరిగి, వానికి అర్థమగు హిందూస్థానీలో మాటలాడి మన్నన పొందెను. హిందువులు అధిక సంఖ్యాకులైన సంఘమునకు ఒక మహమ్మదీయుడు పదేండ్లు తిరుగులేని నాయకుడగుట, అదియు దేశవిభజనకు పూర్వము మతవైరములు మిన్నుముట్టిన రోజులలో, చిన్న విషయము కాదు. 1946 చివర బీహారు పల్లెలు రక్తసిక్తములయ్యెను. ఆ గాయములను మాన్పుటకు గాంధీజీ పాట్నాలో నుండగనే, 1947 మార్చి 28వ తేదీన, పాట్నాకు సమీపమున దారిలో ఒక పోలీసు జవాను తుపాకి కాల్పునకు బారీ బలియయ్యెను. సాక్చిలోని బారీ మైదానము ఆయన పేరు నిలుపుచున్నది.

పిమ్మట మైకేలు జాను అధ్యక్షుడై 1977 వరకు 30 ఏండ్లు సంఘమును నడపెను. ఒక క్రైస్తవుడు, ఒక మహమ్మదీయుడు, ఒక హిందువు, ఒక ఆంగ్లేయుడు వరుసగా కాకున్నను ఒక సంఘమునకే అధ్యక్షులగుట జంషెడ్‌పూరు చరిత్రలో చెప్పుకొనదగినది. 1956లో కంపెనీకిని యూనియనునకును కుదిరిన ఒడంబడికను అనుసరించి, మరుసటి ఏటినుండి డిపార్టుమెంటులలో ఉమ్మడి సంఘములు ఏర్పడెను. పై అధికారియు కొలిమి పనివాడును ఒక బల్లకు ఇరువైపుల కూర్చుండు రోజు వచ్చినది. అంతకు పూర్వమే, 1949లో, జెసూటు ఫాదరీ క్విన్ ఎన్‌రైటు జంషెడ్‌పూరున జేవియర్ కార్మికసంబంధముల విద్యాలయమును నెలకొల్పెను. యూనియను కార్యకర్తలకు సాయంకాలపు తరగతులు నడుపుట దాని తొలి పనులలో నొకటి. 1958లో కేంద్ర ప్రభుత్వము నాగపురము కేంద్రముగా కార్మిక విద్యామండలిని స్థాపించెను. ఆ సంవత్సరముననే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగములలో వివక్షను నిషేధించు 111వ ఒడంబడికను ఆమోదించెను. జాతి, రంగు, లింగము, మతము, రాజకీయాభిప్రాయము, పుట్టుక ఇత్యాదులను బట్టి భేదము చూపరాదని అందు కలదు. అట్టి భావమును విద్యాకార్యక్రమముల మూలమున పెంపొందింపవలెనని కూడ కలదు. భారతదేశము 1960లో దానికి అంగీకారము తెలిపెను.

చట్టము వచ్చెను. విద్యాలయములు వచ్చెను. పాఠము పూర్తియైనదని అనుకొనుటకు వీలుండెనా? 1964 మార్చిలో తూర్పు పాకిస్థానునుండి వచ్చిన వార్తలతో ఉక్కు పట్టణములు రెండును, జంషెడ్‌పూరును రూర్కెలాయును, మతకలహములలో చిక్కుకొనెను. 1979 ఏప్రిలులో శ్రీరామనవమి ఊరేగింపు త్రోవపై లేచిన తగవు మంటలై జంషెడ్‌పూరున నూరుమందికి పైగా ప్రాణములు తీసెను. మతసామరస్యము కొఱకు నిరాహారదీక్ష పూనిన ఉర్దూ రచయిత జకీ అన్వరు కూడ ఆ కలహములలో హతుడయ్యెను. బారీని నాయకుడుగా ఎన్నుకొనిన పట్టణమే ఇది. ఒక తరము నేర్చిన పాఠము రెండవ తరమునకు వారసత్వముగా రాలేదు. ప్రావిడెంటు ఫండు తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. సమభావము అట్లు సంక్రమింపదు. ప్రతివాడును మొదటినుండి నేర్చుకొనవలసినదే.

ఇది మన దేశమునకే పరిమితమైన దోషము కాదు. కార్మికోద్యమమునకు పుట్టినిల్లగు ఇంగ్లండులో, బ్రిస్టలు నగరపు బస్సులలో నల్లవారిని కండక్టర్లుగా తీసికొనరాదని 1955లో తీర్మానించినది అచ్చటి కార్మిక సంఘపు శాఖయే. 1963లో ప్రజలు బస్సులెక్కుట మానినపిమ్మట, ఆగస్టు 28వ తేదీన ఆ నిషేధము తొలగినది. రెండేండ్లకు వర్ణవివక్షపై అచ్చట మొదటి చట్టము వచ్చెను. అమెరికాలో 1925లో, అనగా గాంధీజీ జంషెడ్‌పూరునకు వచ్చిన ఏటనే, రైలు శయ్యాశకటములలో పనిచేయు నీగ్రో కార్మికులు ఫిలిప్ రాండాల్ఫు నాయకత్వమున తమ సంఘమును కట్టుకొనిరి. తెల్లవారి సంఘములు తమను చేరనీయకుండుటచే వారు వేఱుగా కట్టుకొనవలసివచ్చెను. 1941లో వాషింగ్టనుపై దండయాత్రగా నడచి వత్తుమని రాండాల్ఫు హెచ్చరింపగా, యుద్ధపరిశ్రమలలో వర్ణభేదము పాటింపరాదని అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఉత్తరువు వెలువరించెను. ఈ రెండు దేశముల అనుభవమును ఒకటే. బయటి ఒత్తిడి తలుపును తెఱపింపగలదు. లోపలివారు మనస్సును తెఱచుట మాత్రము వారికి వారే చేసికొనవలసిన పని.

ఆ పని యూనియనులు ఎట్లు చేయవలెననుటకు బిష్టుపూరు చరిత్ర కొన్ని సూచనలిచ్చుచున్నది. సంఘపు పదవులలో అన్ని భాషలవారు, అన్ని కులములవారు కనబడవలెను. ఆండ్రూసును చూచి కార్మికుడు నేర్చినది ఇట్టి పాఠమే. జీతపు తగవు వలెనే అవమానపు తగవును కూడ సంఘము విచారింపవలెను. కులము పేరు పెట్టి తోటిపనివానిని దూషించిన సభ్యుని పట్ల, బోనసు ఎగవేసిన యజమాని పట్ల చూపు పట్టుదలయే చూపవలెను. క్రొత్తగా చేరిన యువకునకు చందా రసీదుతోపాటు సంఘ చరిత్రను కూడ చెప్పవలెను. అట్టడుగు వర్గమును వదలి పైవర్గములను మాత్రమే చేర్చుకొనిన సంఘమునకు 1928లో ఏమైనదో గుర్తుంచుకొనవలెను. నేడు శాశ్వతోద్యోగి ప్రక్కన కాంట్రాక్టు కార్మికుడు అదే షెడ్డులో పనిచేయుచున్నాడు. 1970లో కాంట్రాక్టు కార్మికులను గూర్చి చట్టము వచ్చినను అంతరువు పోలేదు. నాటి కవనెంటెడు, కూలీ అను భేదమునకు ఇది చుట్టము కాదా?

ప్రభుత్వోద్యోగులమగు మనకును ఈ ప్రశ్న దూరమైనది కాదు. రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. ఆఫీసు బల్లవద్ద అది అమలునందున్నది. టిఫిను డబ్బా తెఱచినపుడు, అద్దెయింటికి బోర్డు కట్టినపుడు, పిల్లలకు సంబంధము చూచినపుడు దాని అమలు ఎంతవరకో ఎవరికి వారు తెలిసికొనగలరు. 1925 ఆగస్టులో జంషెడ్‌పూరు మైదానమున గాంధీజీకి ఒక ప్రక్క కంపెనీ యజమానియు, ఒక ప్రక్క ఆంగ్లేయుడగు కార్మికనాయకుడును ఉండగా, ఎదుట పది భాషల కార్మికులు నేలపై కూర్చుండిరి. వారి మునిమనుమలు నేడు బిష్టుపూరు బజారులో నడయాడుచున్నారు. తెల్లవాని కుర్చీని గూర్చి వారి పెద్దలు వేసిన ప్రశ్నకు సమాధానము 1938లో దొరకెను. తమ ప్రక్కవాని చోటును గూర్చి వేసికొనవలసిన ప్రశ్నకు సమాధానము వారును, మనమును ఇంకను వ్రాయవలసియున్నది.